చెమటలో దిగిన రంగు

మా పెదనాన్న ఎప్పుడూ తెల్ల చొక్కానే వేసుకునేవాడు. పొద్దుట నుంచి సాయంత్రం దాకా సుద్దముక్కలు, మిషను నూనె, రంగు దారాల పీచు మధ్య మసిలినా, దుకాణం తలుపు దించే వేళకి ఆయన చొక్కా మీద మరక కనిపించేది కాదు. "కుట్టేవాడి ఒంటి మీది చొక్కా చూసి గుడ్డ ఇస్తారమ్మాయ్. గోడ మీద బోర్డు ఎవరు చదువుతారు?" అనేవాడు. వీధిలో అందరూ ఆయన్ని తెల్ల మాస్టారు అని పిలిచేవారు. మనిషి చామనచాయ. తెలుపంతా చొక్కాదే.

మా దుకాణానికి వచ్చే పని కూడా ఎక్కువగా తెల్లబట్టలే. హోటళ్లలో వడ్డించేవాళ్ల కోట్లు, నర్సుల గౌన్లు, బడిపిల్లల చొక్కాలు. గది సన్నగా, పొడుగ్గా రైలు పెట్టెలా ఉండేది. వీధి వైపు కటింగ్ బల్ల, దాని వెనక రెండు మిషన్లు, చిట్టచివర ఇస్త్రీ బల్ల. ఇస్త్రీ బల్ల పక్కన పీట వేసుకుని నేను కాజాలు కుట్టేదాన్ని, గుండీలు పెట్టేదాన్ని. అమ్మ పోయిన ఏడాదే నా చదువు తొమ్మిదో తరగతిలో ఆగిపోయింది. అమ్మకి అక్క అయిన పెద్దమ్మ నన్ను తన ఇంటికి తెచ్చుకుంది. వాళ్లకి పిల్లలు లేరు. నేను పెద్దగా మాట్లాడను. మాట్లాడని మనిషికి కళ్లు కూడా ఉండవనుకుంటారేమో, నా ముందు అందరూ అన్నీ చేసేవారు.

రెండో మిషను జేబు బాబాయిది. ఆయనకి అసలు పేరు ఉండే ఉంటుంది. పని నేర్చుకునే రోజుల్లో ఏళ్ల తరబడి జేబులే కుట్టించారట, ఆ పేరు అలా మిగిలిపోయింది. ఆయన నోరు మిషను కంటే వేగం.

పెదనాన్న ఒంట్లో ఏదో తేడా ఉందని మొదట సూది చెప్పింది. ఒక మధ్యాహ్నం ఆయన కోటు కాలరుకి చేత్తో కుట్లు వేస్తున్నాడు. తెల్లగుడ్డ మీద ఎర్రచుక్క పడింది. చుక్కని చూశాకే ఆయన తన చెయ్యి చూసుకున్నాడు. సూది చిటికెనవేలి పక్కన చర్మంలోంచి దూరి బయటికి వచ్చి ఉంది.

"మాస్టారూ, హోటలువాడు కోటు అడిగాడు గానీ మీ వేలు అడగలేదు," అన్నాడు జేబు బాబాయి. "దాన్ని కూడా కలిపి కుట్టేస్తున్నారు."

పెదనాన్న నవ్వాడు. నవ్వుతూనే సూది లాగేశాడు. బాబాయి టీకి వెళ్లాక బల్ల కింద చెయ్యి పెట్టుకుని మళ్లీ గుచ్చుకున్నాడు. చిటికెనవేలు, దాని పక్క వేలు, ముంజేయి. ఒక్కోచోట గుచ్చి కాసేపు ఆగేవాడు, ఎవరైనా బదులిస్తారేమో అన్నట్టు.

దారం కొనాలని పెద్దమ్మతో చెప్పి నన్ను వెంటబెట్టుకుని దవాఖానాకి వెళ్లాడు. ఒక్కడే వెళ్లడానికి ధైర్యం చాలలేదు. డాక్టరు ఆయన వీపు మీద, చేతుల మీద వెలిసినట్టున్న మచ్చలు చూశాడు, దూదిపోగుతో తాకాడు, కుడి మోచేయి వెనక నరాన్ని వేలితో తడిమాడు. "కుష్ఠు," అన్నాడు. మామూలుగా, జలుబు అన్నట్టే అన్నాడు. పెదనాన్న ముందు తలుపు వైపు చూశాడు, ఎవరైనా విన్నారేమోనని. తర్వాత నా వైపు చూశాడు. వెంటనే కళ్లు దించేసుకున్నాడు.

మందులిచ్చే సిస్టరమ్మ మాటలు కూడా ఆయన సగమే విన్నాడు. నేను మొత్తం విన్నాను. ఆవిడ అట్టకి అతికించిన మాత్రలు చూపించింది. "ఈ ఎర్రది నెలకోసారి, నా ఎదుట మింగాలి. క్రిముల్ని కుప్పలుగా చంపేది ఇదే. ఆ రోజు మూత్రం ఎర్రగా వస్తుంది, హడలిపోకండి. ఈ తెల్లది రోజూ. క్రిమి పెరగడానికి కావలసిన సరుకుని తయారు కానివ్వదు, మాడుస్తుంది. ఈ గోధుమరంగు గుళిక క్లోఫాజిమిన్. ఇదీ రోజూ వేసుకోవాలి, భోజనంతోపాటు. కొవ్వులో కరిగే మందు, ఖాళీ కడుపున వేసుకుంటే ఒంటికి సరిగ్గా పట్టదు."

"మూడెందుకు?" అన్నాడు పెదనాన్న, ఏదో ఒకటి అడగాలని.

"ఒక్కటే ఇస్తే దానికి లొంగని క్రిములు కొన్ని మిగిలి మళ్లీ పెరుగుతాయి. మూడు తలుపులూ మూసేస్తే ఎటు పోతాయి? ఏడాది వాడాలి. కొద్ది రోజుల్లోనే ఇంకొకరికి అంటే భయం పోతుంది. కానీ మాస్టారూ, ఈ నరం లావెక్కింది. మందు మానితే, ఒంట్లో మంట లేస్తే, ముందు పోయేవి మీ కుడిచేతి చివరి రెండు వేళ్లు. కత్తెర పట్టే చెయ్యి. గుర్తుంచుకోండి."

గోధుమరంగు గుళిక అసలు ఒక రంగుపదార్థమేననీ, దానితో ఒళ్లు ఎర్రబారి తర్వాత నల్లబడుతుందనీ, చెమట కూడా రంగుగా రావచ్చనీ చెప్పింది. అప్పుడు పెదనాన్న తలుపు వైపే చూస్తున్నాడు. ఎవరో లోపలికి వస్తున్నారు.

నన్ను అక్కడే పరీక్ష చేశారు, ఏమీ లేదన్నారు. ముందుజాగ్రత్తకని మందు ఒకసారి మింగించారు. "ఇంట్లో ఆవిడని కూడా తీసుకురండి," అంది సిస్టరమ్మ. "తప్పకుండా," అన్నాడు పెదనాన్న. బయటికి వచ్చాక, "మీ పెద్దమ్మకి నేను చెబుతాలే, నువ్వు చెప్పకు," అన్నాడు. ప్రతినెలా సిస్టరమ్మ అడగడం, ఆయన తప్పకుండా అనడం మామూలైపోయింది. ఒంటి మీద దద్దుర్లకి మందు వాడుతున్నానని పెద్దమ్మతో అన్నాడు.

ఎండలు ముదిరేసరికి ఆయన మొహం రాగిచెంబు రంగుకి వచ్చింది, ఆపైన నల్లబడింది. "ఎండలో తిరిగి నల్లబడ్డవాళ్లని చూశాను గానీ, నీడలో కూర్చుని నల్లబడ్డ మనిషిని మిమ్మల్నే చూస్తున్నానండీ," అనేది పెద్దమ్మ. ఒకరోజు నానేసిన బకెట్‌లోంచి ఆయన బనీను ఎత్తి పట్టుకుంది. చంకల దగ్గర, వీపు మీద లేత గులాబీరంగు.

"ఏయ్ పిల్లా! తెల్లబట్టల్లో ఏం కలిపావే? నీ ఎర్ర తువ్వాలేనా?"

"నేనేం కలపలేదు పెద్దమ్మా."

"మరి బనీన్లు వాటంతటవే సిగ్గుపడి ఎర్రబడ్డాయా? రంగు దిగే గుడ్డ విడిగా నానెయ్యాలని కుట్టు దుకాణంలో కూర్చునేదానికి ఒకరు చెప్పాలా? చెయ్యి ఇక్కడా, మనసు ఎక్కడో. అందుకే చదువూ అలాగే అఘోరించింది."

పెదనాన్న అద్దం ముందు గడ్డం గీసుకుంటున్నాడు. కత్తి ఒక్క క్షణం ఆగింది. అద్దంలో ఆయన కళ్లు నన్ను చూశాయి. మళ్లీ కత్తి కదిలింది. "పోనీలే, చిన్నపిల్ల," అన్నాడు.

నేను చెయ్యని తప్పుకి ఆయన నన్ను క్షమించాడు. ఆ రోజంతా నా వైపు చూడలేదు. నా కాజాలు చేతిలోకి తీసుకోకుండానే బాగున్నాయన్నాడు.

అది ఇంట్లో జరిగింది కనుక ఇంట్లోనే ఉంది. దుకాణంలో జరిగింది అలా ఉండలేదు. ఒక హోటలు మేనేజరు కొత్త కోటు తిరిగి తెచ్చి కటింగ్ బల్ల మీద పరిచాడు. భుజం మీద గులాబీరంగు మరక. బొటనవేలు, అరచెయ్యి అచ్చు దిగినట్టు కనిపిస్తోంది.

"మీ దుకాణంలో టొమాటోలు కూడా కోస్తారా మాస్టారూ?"

జేబు బాబాయి రెండు చేతులూ ఎత్తి చూపించాడు. "నాది కాదు సార్, నావి జేబుల్లో ఉండే చేతులు." నన్ను కూడా చేతులు చూపించమన్నాడు. నేను చూపించాను. పెదనాన్న తన చెయ్యి ముడిచి వెనక్కి పెట్టుకున్నాడు. "ఇస్త్రీ పెట్టె తుప్పు సార్. వేరే కోటు కుట్టిస్తాను," అన్నాడు.

మేనేజరు వెళ్లాక బాబాయి ఆ మరకని వంగి చూశాడు. "తుప్పుకి వేళ్లుంటాయా మాస్టారూ?" అన్నాడు. వేళాకోళమే. పెదనాన్న మాత్రం ఆ కోటుని ముక్కలుగా కత్తిరించేశాడు. అంత మంచి గుడ్డని.

ఆ నెల దవాఖానాలో నన్ను వరండాలో కూర్చోమని ఆయనొక్కడే లోపలికి వెళ్లాడు. మర్నాడు బాబాయి రాకముందే మాత్రల అట్ట బల్ల మీద పెట్టుకుని, చిన్న కత్తెరతో గోధుమరంగు గుళికల్ని ఒక్కొక్కటే చుట్టూ కోసి తీసేశాడు. కాజా తెరిచినంత నున్నగా కోశాడు. వాటిని పీలికల సంచిలో పడేసి, "రంగు మందు ఇక చాలట. సిస్టరమ్మే ఆపమంది," అన్నాడు. నేను నమ్మాను. ఆయన మొహంలో దిగులు పోయింది, నాకూ సంతోషమే అనిపించింది. ఎర్రదీ తెల్లదీ మాత్రం తప్పకుండా వేసుకునేవాడు.

అయినా రంగు తగ్గలేదు. రోజులు పోతున్నాయి, బనీన్లు గులాబీరంగుకి వస్తూనే ఉన్నాయి. అప్పుడాయనకి తన పనిలోంచే ఒక ఉపాయం తట్టింది. రంగు దిగే గుడ్డ వస్తే మేము కత్తిరించే ముందు నీళ్లలో నానేసి పిండుతాం. పైరంగు అంతా పోయి నీళ్లు తేటగా వచ్చేదాకా నానేస్తాం. ఒంటికి పట్టింది కూడా అలాగే వదులుతుందనుకున్నాడు. మిట్టమధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చి, డాబా ఎక్కి, రగ్గు కప్పుకుని ఎండలో కూర్చునేవాడు. పక్కన కూజాడు నీళ్లు. తాగడం, చెమట కార్చడం.

"ఏమండీ, మిమ్మల్ని మీరే ఎండబెట్టి డబ్బాలో దాచుకుంటారా ఏంటి?" అని పెద్దమ్మ కింది నుంచి అరిచేది.

"కీళ్లకి మంచిదటే!"

తడిసిన బనీను గిన్నెలో పిండి, ఆ నీళ్లు వెలుగులో పెట్టి చూసేవాడు. "ఇంకా దిగుతోందమ్మాయ్," అనేవాడు నాతో, పని జరుగుతోందన్నట్టు. చిన్నపిల్లల ఆశ ఉండేది ఆ మొహంలో.

కొన్నాళ్లకి జ్వరం మొదలైంది. ఎండదెబ్బ అనుకున్నాం. తర్వాత చేతుల మీద, కాళ్ల మీద ఎర్రగా, తాకితే ఒళ్లు ఝల్లుమనే గడ్డలు లేచాయి. మోచేతి దగ్గర నొప్పికి ఆయన రాత్రిళ్లు చెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడు. ఒక పొద్దున దుకాణంలో కోటుగుడ్డ కత్తిరిస్తుండగా పెద్ద కత్తెర ఆయన చేతిలోంచి జారి నేల మీద పడింది. వంగి తీశాడు, మళ్లీ జారింది. మూడోసారి తియ్యలేదు. బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు. జేబు బాబాయి పరిగెత్తి వెళ్లి పెద్దమ్మని పిలుచుకొచ్చాడు.

"ఏ డాక్టరు దగ్గరికండీ? చెప్పరేం?" అని పెద్దమ్మ కంగారు పడుతుంటే, ఆయన కళ్లు మూసుకుని, "అమ్మాయికి తెలుసు," అన్నాడు.

దవాఖానాలో సిస్టరమ్మ గడ్డలు చూసింది. చిటికెనవేలికీ దాని పక్క వేలికీ మధ్య కాగితం పెట్టి గట్టిగా పట్టుకోమంది. మెల్లిగా లాగితే కాగితం వచ్చేసింది.

"మందులు రోజూ వేసుకుంటున్నారా?"

"వేసుకుంటున్నాను."

ఆయనకి మాట్లాడటం కష్టంగా ఉంది కదా, మిగతాది నేను చెబుదామనుకున్నాను. "ఆ గోధుమరంగుది మాత్రం వేసుకోవడం లేదు సిస్టరమ్మా. మీరు ఆపమన్నారు కదా."

"నేనా?" అంది ఆవిడ.

పెదనాన్న మొహం పక్కకి తిప్పుకున్నాడు. ఆవిడకి అర్థమైంది. "రంగు తెచ్చేది ఏ మాత్ర అని అడిగితే చూపించాను. అది మానకూడదని కూడా చెప్పాను మాస్టారూ."

"ఏ మాత్ర? దేనికి?" అంది పెద్దమ్మ. "దద్దుర్లకి కదా?"

సిస్టరమ్మ పెదనాన్న వైపు చూస్తూ ఆగింది. ఆయన గోడ వైపు తిరిగే ఆ జబ్బు పేరు చెప్పాడు. ఆయన నోట ఆ మాట వినడం నాకూ అదే మొదటిసారి.

పెద్దమ్మ అరుస్తుందనుకున్నాను. అరవలేదు. బల్ల మీద కూలబడింది. "బనీన్లు," అంది. నా వైపు చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "తల్లి లేని పిల్లని అన్నేసి మాటలన్నాను. మీరు వింటూ గడ్డం గీసుకున్నారు."

"రంగు ఒక్కటీ పోతే చాలనుకున్నానే," అన్నాడు పెదనాన్న. "చెమట పట్టిస్తే దిగిపోతుందనుకున్నాను."

సిస్టరమ్మ ఆయన ఎదురుగా కూర్చుంది. "నీళ్లలో కరిగే రంగైతే దిగును. ఇది కొవ్వులోకీ చర్మంలోకీ చేరి నిలవ ఉంటుంది. చెమటలో వచ్చేది ఏ కాస్తో. మందు మానినా నెలల తరబడి అలాగే ఉంటుంది. మీరు మానేసి పోగొట్టుకున్నది రంగుని కాదు, దాని పనిని. చచ్చిన క్రిముల మీద మీ ఒళ్లు తిరగబడి మంట లేపింది. ఈ మందుకి ఆ మంటని కాస్త అణిచే గుణం కూడా ఉంది. వేసుకుని ఉంటే ఇది రాకపోయేదని నేను ఒట్టేసి చెప్పలేను. ఇంత దూరం వచ్చేది కాదేమో."

"అయితే ఇది దిగే రంగు కాదు," అన్నాడు పెదనాన్న. "పట్టిన రంగు."

పెద్దమ్మని పరీక్ష చేసి ఏమీ లేదన్నారు. నాకు మింగించినట్టే ఆవిడకీ ఆ మందు మింగించారు. పెదనాన్నకి మంట తగ్గడానికి వేరే మాత్రలిచ్చారు, చేతికి పట్టీ కట్టారు. గుళిక మళ్లీ మొదలైంది. ఈసారి భోజనం దగ్గర పెద్దమ్మే ఆయన అరచేతిలో పెట్టి, మింగేదాకా నిలబడేది. మాట్లాడేది కాదు. బనీన్లు నా చేత ఉతికించడం మానేసి తనే ఉతుక్కునేది. జ్వరం పోయింది, గడ్డలు అణిగాయి. చూపుడువేలు, మధ్యవేలు బాగానే ఉన్నాయి. చివరి రెండింటికీ మాత్రం బలం తిరిగి రాలేదు. సూది పట్టగలడు, సుద్దతో గీయగలడు. పెద్ద కత్తెర వెయ్యలేడు.

అన్ని రోజులూ దుకాణం నడిపింది జేబు బాబాయే. కత్తిరింపు పని వేరే దుకాణంలో చేయించాడు. పెదనాన్న తిరిగి వచ్చిన రోజున కొత్త కోట్ల పని బల్ల మీద ఉంది. ఆయన తెల్ల చొక్కాలోనే వచ్చాడు. మొహం, చేతులు ఊదానలుపు.

"ఇక నుంచి నేను గీస్తాను, నువ్వు కత్తిరించు," అన్నాడు.

"నేనా? నా చేతికి జేబుకి మించిన గుడ్డ ఇస్తే దుకాణం మూసుకోవాల్సిందే. మీ చేతికేమైంది?"

"పట్టు పోయింది."

"ఎందుకు పోయింది?"

పెదనాన్న టేపు మెడలోంచి తీసి మడత పెట్టాడు, మళ్లీ విప్పాడు. ఎండదెబ్బ అనొచ్చు. వాతం అనొచ్చు. నేను కాజా మీంచి తలెత్తలేదు. ఆయన ఈసారి గోడ వైపు తిరగలేదు గానీ, బాబాయి మొహం కూడా చూడలేకపోయాడు. బల్ల మీది గుడ్డని చూస్తూ జబ్బు పేరు చెప్పాడు. "ఇప్పుడు ఎవరికీ అంటదట. మందు వేసుకుంటున్నాను. మధ్యలో మానేశాను, అందుకు పోయాయి వేళ్లు. ఆ కోటు మీద మరక నాదే. నువ్వు చేతులెత్తి చూపించావు, నేను దాచుకున్నాను."

బాబాయి మిషను చక్రం మీద చెయ్యి పెట్టి ఆపేశాడు. తర్వాత ఇంట్లో పనుందని లేచి వెళ్లిపోయాడు. పెదనాన్న ఆ రోజంతా గీతలు గీసి పెట్టాడు. కత్తిరించేవాళ్లు లేక గుడ్డలు అలాగే పరిచి ఉన్నాయి.

బాబాయి మర్నాడు రాలేదు. ఆ మర్నాడు వచ్చాడు. వచ్చి ఎవరి వైపూ చూడకుండా నేరుగా కటింగ్ బల్ల దగ్గరికి వెళ్లాడు. కత్తెర తీయబోయి ఆగి, పీలికల సంచిలోంచి ఒక గుడ్డముక్క లాగి, వేళ్లు దూర్చే చోట లోపలా బయటా తుడిచాడు. ఒకసారి తుడిచి, చాలదన్నట్టు మళ్లీ తుడిచాడు. తలెత్తేసరికి ఎదురుగా పెదనాన్న నిలబడి చూస్తున్నాడు.

బాబాయి చేతిలో గుడ్డముక్క ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తడబడ్డాడు. చెవులు ఎర్రబడ్డాయి. చివరికి, "చెమటకి జారుతుందని, మాస్టారూ," అన్నాడు. ఆ పూట చల్లగా ఉంది.

"అవును," అన్నాడు పెదనాన్న వెంటనే. "జారుతుంది. తుడుచుకునే పట్టాలి."

నేను పీట మీద కూర్చుని ఇద్దర్నీ చూశాను. ఎవరు ఎవరి పరువు కాపాడుతున్నారో తెలియలేదు. పెదనాన్న గుడ్డ అంచుని సరిచేసి, అరచేత్తో సాపు చేసి, తన చెయ్యి గుడ్డకి ఆనిందని గుర్తొచ్చి చటుక్కున వెనక్కి తీసుకున్నాడు. బాబాయి అది చూశాడు. చూసి, గుడ్డముక్క సంచిలో పడేసి, ఆ చెయ్యి ఆనిన చోటే తన చెయ్యి ఆనించి గుడ్డ పట్టుకున్నాడు.

"ఎక్కణ్ణించి మొదలెట్టను?" అన్నాడు.

"భుజం దగ్గర్నుంచి. గీత మీద వెయ్యకు, గీతకి బయట వెయ్యి. తొందరపడకు."